బానిసగా పుట్టి.. నేలకు వైద్యుడై

* వేరుశనగకు విలువ తెచ్చిన శాస్త్రవేత్త జార్జి వాషింగ్టన్ కార్వర్
* జనవరి 5న వర్ధంతి

అనంతపురం: ఒకే పంటను నమ్ముకున్న నేల, ఏటా తరుగుతున్న దిగుబడి, ఏటా పెరుగుతున్న అప్పు.. కరవు సీమ రైతుకు ఈ కథ కొత్తది కాదు. నూరేళ్ల కిందట అమెరికా దక్షిణాది రాష్ట్రమైన అలబామాలోనూ ఇదే పరిస్థితి ఉండేది. అక్కడి పంట పత్తి. దానికి విరుగుడుగా వేరుశనగ, అలసంద, చిలగడదుంప పంటలను సూచించి, పండిన గింజకు ప్రయోగశాలలో వందల ఉపయోగాలు వెతికిన ఆచార్యుడు జార్జి వాషింగ్టన్ కార్వర్. మొక్కల నుంచి నూనెలు, రంగులు, జిగురు, ఇంధనం వంటివి తీయవచ్చని నేడు ప్రపంచంలోని ఎన్నో విశ్వవిద్యాలయాలు పరిశోధిస్తున్నాయి. ఈ బాటలో తొలి అడుగులు వేసిన వారిలో ఆయన ఒకరు. బానిసగా పుట్టి, చదువు కోసం ఊరూరా తిరిగి, చెత్తకుప్పల్లోని సీసాలతో ప్రయోగశాల కట్టుకున్న ఆయన 1943 జనవరి 5న కన్నుమూశారు. వేరుశనగతో బతుకు ముడిపడిన జిల్లాలో ఆయన జీవితం తెలుసుకోదగ్గది.

గుర్రం ఇచ్చి విడిపించారు

కార్వర్ పుట్టిన తేదీని ఎవరూ రాసిపెట్టలేదు. బానిసల పిల్లలకు పుట్టినరోజులు రాసే ఆనవాయితీ అప్పట్లో లేదు. మిస్సోరి రాష్ట్రంలోని డైమండ్ అనే చిన్న ఊరి సమీపంలో, అమెరికా అంతర్యుద్ధం ముగియవచ్చే కాలంలో, సుమారు 1864లో ఆయన జన్మించారని చెబుతారు. తల్లి మేరీని మోజెస్ కార్వర్ అనే రైతు 1855లో 700 డాలర్లకు కొన్నాడు. తండ్రి కొడుకు పుట్టుకకు కాస్త అటూ ఇటుగా ప్రమాదంలో మరణించినట్లు ప్రతీతి.

జార్జి పసికందుగా ఉన్నప్పుడే బందిపోట్లు పొలంపై దాడి చేసి తల్లినీ, బిడ్డనూ ఎత్తుకుపోయారు. మోజెస్ కార్వర్ వారిని వెతికేందుకు ఒక మనిషిని పంపాడు. అతడు బిడ్డను మాత్రమే తీసుకురాగలిగాడు. తల్లి జాడ ఎన్నటికీ తెలియలేదు. బిడ్డను తెచ్చినందుకు ప్రతిఫలంగా మోజెస్ ఒక గుర్రాన్ని ఇచ్చాడు.

1865లో బానిసత్వం రద్దయింది. పిల్లలు లేని మోజెస్, సూసన్ దంపతులు జార్జిని, అతని అన్న జిమ్‌ను ఇంట్లోనే ఉంచుకుని పెంచారు. కోరింత దగ్గుతో కృశించిన జార్జి పొలం పనులకు పనికిరాలేదు. వంట, కుట్టు, ఉతుకు పనులు నేర్చాడు. మిగిలిన వేళల్లో అడవిలో తిరుగుతూ మొక్కలను పరిశీలించేవాడు. వాడిపోతున్న మొక్కకు నీడ కావాలో, ఎండ కావాలో, మన్ను మార్చాలో చెప్పేవాడు. ఇరుగుపొరుగు వారు తమ తోటల్లో మొక్కలు చీడపడితే ఆ పిల్లవాడిని పిలిపించుకునేవారు. ఆ వయసులోనే మొక్కల వైద్యుడన్న పేరు వచ్చింది.

చదువు కోసం ఊరూరా

ఊళ్లోని బడిలో నల్లజాతి పిల్లలకు ప్రవేశం లేదు. దాదాపు 13 కిలోమీటర్ల దూరంలోని నియోషో పట్టణంలో నల్లవారి బడి ఉందని తెలిసి జార్జి ఒంటరిగా నడుచుకుంటూ వెళ్లాడు. అక్కడ మరియా వాట్కిన్స్ అనే మంత్రసాని ఇంట్లో ఆశ్రయం దొరికింది. బట్టలుతికి, ఇంటిపనులు చేసి చదువుకున్నాడు. ఆ బడిలో ఉన్న చదువు త్వరలోనే అయిపోవడంతో కాన్సాస్ రాష్ట్రం బాట పట్టాడు. ఫోర్ట్ స్కాట్ పట్టణంలో 1879లో ఒక నల్లజాతి మనిషిని మూక చంపడం కళ్లారా చూసి ఆ ఊరు విడిచిపెట్టాడు. ఊళ్లు మారుతూ, వంటవాడిగా, చాకలిగా పనిచేస్తూ ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేశాడు. ఒకే ఊళ్లో మరో జార్జి కార్వర్ ఉండటంతో ఉత్తరాలు తారుమారయ్యేవి. వాటిని వేరుచేసుకునేందుకు తన పేరు మధ్యలో ఒక పొడి అక్షరం చేర్చుకున్నాడు. వాషింగ్టన్ అన్న పేరు అలా వచ్చిందే.

హైలాండ్ కళాశాల ఉత్తరం ద్వారా ప్రవేశం ఇచ్చింది. తీరా వెళ్లి నిలబడితే నల్లవాడని తెలిసి వెనక్కి పంపేసింది. ఆ అవమానం తర్వాత కొన్నేళ్లు చదువు మాట ఎత్తలేదు. కాన్సాస్ మైదానాల్లో ప్రభుత్వ భూమి తీసుకుని, గడ్డి పెళ్లలతో ఇల్లు కట్టుకుని, 17 ఎకరాలు స్వయంగా దున్ని పంట పెట్టాడు. నీటి చుక్క దొరకని ఆ నేలలో రైతు కష్టం ఏమిటో ఒంటికి పట్టింది. ఆ అనుభవం తర్వాతి జీవితమంతటికీ పునాది అయింది.

1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కళాశాలలో చేరాడు. అక్కడ చదివింది చిత్రలేఖనం, సంగీతం. పూలనూ మొక్కలనూ అచ్చుగుద్దినట్లు చిత్రించే అతని చేతిని చూసిన ఉపాధ్యాయురాలు ఎట్టా బడ్, బొమ్మలతో నల్లజాతి యువకుడికి పూట గడవదని తలచి వృక్షశాస్త్రం వైపు మళ్లించారు. ఆమె తండ్రి ఏమ్స్ పట్టణంలోని అయోవా రాష్ట్ర వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్ర ఆచార్యులు. 1891లో కార్వర్ ఆ కళాశాలలో తొలి నల్లజాతి విద్యార్థిగా చేరారు. మొదట్లో తోటి విద్యార్థులతో కలిసి భోజనశాలలో కూర్చోనివ్వలేదు. నేలమాళిగలో పొలం పనివారితో కలిసి తిన్నారు. కొద్దికాలంలోనే ప్రతిభతో అందరినీ ఆకట్టుకున్నారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన గీసిన యుక్కా మొక్క చిత్రానికి ప్రశంస లభించింది. 1894లో పట్టా, 1896లో స్నాతకోత్తర పట్టా అందుకున్నారు. మొక్కల శిలీంధ్ర వ్యాధులపై పరిశోధన చేస్తూ అదే కళాశాలలో తొలి నల్లజాతి అధ్యాపకులయ్యారు.

ఆ రోజుల్లో కార్వర్ వెంట మొక్కలు చూస్తూ తిరిగిన ఒక ప్రొఫెసరు గారి చిన్నపిల్లవాడు హెన్రీ ఎ. వాలెస్. తర్వాతి కాలంలో అతడే అమెరికా వ్యవసాయ మంత్రి, ఉపాధ్యక్షుడు అయ్యాడు.

చెత్తకుప్ప నుంచి ప్రయోగశాల

అలబామాలోని టస్కేగీ విద్యాసంస్థను నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ 1881లో ప్రారంభించారు. బానిసత్వం నుంచి బయటపడినా భూమి లేక, చదువు లేక కూలీలుగా మిగిలిన తన వారికి చేతివృత్తులు, సేద్యం నేర్పడం ఆ సంస్థ ధ్యేయం. వ్యవసాయ శాఖను నడిపేందుకు రమ్మని ఆయన 1896లో కార్వర్‌ను పిలిచారు. ఏమ్స్‌లో సుఖంగా సాగుతున్న పరిశోధన, గౌరవం, వసతులు విడిచి కార్వర్ అదే ఏడాది టస్కేగీ చేరుకున్నారు. ఏడాదికి వెయ్యి డాలర్ల జీతం. జీవితంలో చివరి వరకు, అంటే 47 ఏళ్లపాటు ఆ ఊరు విడిచి వెళ్లలేదు.

తీరా వచ్చి చూస్తే ప్రయోగశాల లేదు, పరికరాలు లేవు. విద్యార్థులను వెంటబెట్టుకుని ఊళ్లోని చెత్తకుప్పలు గాలించారు. పగిలిన సీసాలు, పాత గిన్నెలు, జాడీ మూతలు, తీగలు, పనికిరాని దీపాలు ఏరుకొచ్చారు. సీసా మెడను కోసి గాజుపాత్ర చేసుకున్నారు. చిల్లులు పొడిచిన రేకుతో మట్టి జల్లెడ పట్టారు. ఒక చదువుల సంస్థలో పరిశోధన ఇలా మొదలైంది. ఏ వస్తువునూ వ్యర్థమని పారేయకూడదన్న పాఠం విద్యార్థులకు మొదటి రోజే అందింది.

పత్తి పీల్చేసిన నేల

1897లో అలబామా ప్రభుత్వం టస్కేగీలో వ్యవసాయ ప్రయోగ క్షేత్రానికి చట్టం చేసింది. ఏడాదికి 1500 డాలర్లు, కొద్దిపాటి భూమి ఇచ్చింది. ఆ భూమి కోతకు గురై, ఇసుక తేలి, చవకబారుగా ఉంది. జిల్లాల రైతులందరి పొలాల తీరూ అదే.

దశాబ్దాల తరబడి పత్తి తప్ప మరొకటి వేయకపోవడమే దీనికి మూలం. నల్లజాతి రైతుల్లో అత్యధికులు పంటలో వాటా ఇచ్చే షరతుపై భూస్వామి పొలం సాగుచేసేవారు. విత్తనం, పిండి, బట్ట సైతం ఊరి వ్యాపారి వద్ద పంట హామీపై అప్పుగా తెచ్చుకునేవారు. అప్పు ఇచ్చే వ్యాపారికి కావలసింది సంతలో ఎప్పుడైనా అమ్ముడయ్యే పత్తి. గుమ్మం దాకా పత్తే వేయమనేవాడు. కూరగాయలు వేసుకునే స్థలం కూడా మిగలనిచ్చేవాడు కాదు. ఇంటిల్లిపాదీ మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, ఉప్పు పంది మాంసంతో బతికేవారు. పోషకాహారం లేక రోగాలపాలయ్యేవారు. పత్తి నేలను పీల్చేది. అప్పు మనిషిని పీల్చేది.

అలాంటి రైతుకు సంచుల ఎరువు కొనమని చెప్పడం వృథా అని కార్వర్ గ్రహించారు. డబ్బు ఖర్చు లేని మార్గాలు వెతికారు. చిత్తడి నేలల బురద మట్టి, అడవిలో రాలిన ఆకులు, పశువుల పేడ కలిపి కుళ్లబెట్టిన ఎరువును పొలానికి వేయించారు. లోతు దుక్కి, వాలుకు అడ్డంగా సాలు చేయించారు. వీటన్నిటికీ మించి పంట మార్పిడిని ప్రచారం చేశారు. అలసంద, వేరుశనగ వంటి కాయజాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయని జర్మన్ శాస్త్రవేత్తలు 1880 దశకంలో నిరూపించారు. ఆ శాస్త్రాన్ని అక్షరం రాని కౌలురైతు పొలానికి చేర్చడమే కార్వర్ చేసిన పని. ఒక ఏడు పత్తి, మరుసటి ఏడు అలసందో వేరుశనగో వేస్తే నేల కోలుకుంటుంది, ఇంట్లో తిండికీ లోటుండదు. గింజల్లోని మాంసకృత్తులు పేదల పళ్లెంలో మాంసానికి బదులవుతాయి.

రైతు ఇంటికే బడి

కళాశాలకు రాలేని రైతు వద్దకు కళాశాలే వెళ్లాలని బుకర్ వాషింగ్టన్, కార్వర్ తలచారు. న్యూయార్క్ దాత మోరిస్ జెసప్ ఇచ్చిన సొమ్ముతో 1906లో ఒక బండి సిద్ధమైంది. దున్నే పనిముట్లు, విత్తనాలు, ఎరువుల నమూనాలు, వెన్న చిలికే యంత్రం దానికెక్కించారు. జెసప్ బండిగా పేరొందిన ఆ వాహనం ఊరూరా ఆగేది. ఒక రైతు పొలంలోనే దుక్కి దున్ని చూపేవారు. ఆయన ఇంటి వాకిట్లోనే వంట చేసి చూపేవారు. దాన్ని నడిపిన థామస్ క్యాంప్‌బెల్ అదే ఏడాది అమెరికా ప్రభుత్వ వ్యవసాయ విస్తరణ సేవలో తొలి నల్లజాతి ఉద్యోగి అయ్యారు. తర్వాత గుర్రాల స్థానంలో మోటారు బండి వచ్చింది.

చదవగలిగిన వారికి కరపత్రాలు. 1898 నుంచి కార్వర్ 44 చిన్న పుస్తకాలు వెలువరించారు. ఓక్ చెట్ల కాయలను పశువులకు మేతగా ఎలా వాడాలన్నది మొదటిది. ప్రతి పుస్తకంలో మూడు భాగాలు ఉండాలన్నది ఆయన పద్ధతి. రైతుకు సాగు విధానం, ఉపాధ్యాయుడికి కాసింత శాస్త్రం, ఇల్లాలికి వంటలు. శాస్త్రవేత్తల కోసం రాసిన పత్రాలు కొద్దే. పొలం గట్టున కూర్చుని చదువుకునే మనిషి కోసం రాసినవే ఎక్కువ.

గింజకు గిరాకీ

ఈలోగా మెక్సికో వైపు నుంచి బోల్ వీవిల్ అనే ముక్కుపురుగు అమెరికా పత్తి చేలల్లోకి పాకింది. 1910 నాటికి అలబామాలో అడుగుపెట్టి పత్తి కాయలను తొలిచేసింది. గత్యంతరం లేని రైతులు వేరుశనగ వైపు తిరిగారు. కాఫీ కౌంటీ రైతులు వేరుశనగతో ఎంత కోలుకున్నారంటే, పత్తిని వదిలేలా చేసిన ఆ పురుగుకు ఎంటర్‌ప్రైజ్ పట్టణంలో 1919లో ఏకంగా స్మారక స్తంభమే నిలబెట్టారు. అది నేటికీ ఉంది.

అయితే పంట మారితే చాలదు, కొనేవాడు కావాలి. నేలకు మేలు చేసే పంటకు సంతలో విలువ లేకపోతే రైతు మళ్లీ పత్తికే పోతాడు. ఈ చిక్కును విప్పడమే కార్వర్ ప్రయోగశాల లక్ష్యమైంది. వేరుశనగను నూనె, పిండి, పొట్టుగా విడగొట్టి ప్రతి భాగానికీ ఉపయోగం వెతికారు. 1916లో వెలువడిన పుస్తకంలో వేరుశనగ సాగుతో పాటు 105 వంటకాలు చెప్పారు. పాలు, పిండి, సబ్బు, సిరా, చర్మపు లేపనాలు, కలపకు పూసే రంగులు, గోడపలకలు.. ఇలా ఆయన పేరిట ఉన్న వేరుశనగ ఉత్పత్తుల జాబితా దాదాపు 300కు చేరింది. పొట్టుతో చేసే వంటచెరకు ఇటుకలు, దీపాల నూనె, ఇంధనం కూడా అందులో ఉన్నాయి. చిలగడదుంప నుంచి పిండి, గంజి, జిగురు వంటి మరో నూరు పైచిలుకు వస్తువులు చేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో గోధుమలకు కొరత వచ్చినప్పుడు చిలగడదుంప పిండి గురించి చెప్పమని అమెరికా ప్రభుత్వం 1918లో ఆయనను రాజధానికి పిలిపించింది. అలబామా ఎర్రమట్టి నుంచి రంగులు తీసి, పేదల గుడిసెలకూ ప్రార్థనా మందిరాలకూ ఖర్చులేకుండా పూసుకునే మార్గం చూపారు.

1921లో చైనా నుంచి చౌకగా దిగుమతయ్యే వేరుశనగపై సుంకం వేయాలని అమెరికా రైతులు కోరారు. వారి పక్షాన వాదించేందుకు కార్వర్ కాంగ్రెస్ కమిటీ ఎదుట నిలబడ్డారు. నల్లజాతి మనిషి అక్కడ నిపుణుడిగా మాట్లాడటం అప్పట్లో అరుదు. ఆయనకిచ్చిన సమయం పది నిమిషాలు. కొందరు సభ్యులు జాతిని ఎత్తిచూపుతూ ఎగతాళి చేశారు. ఆయన తొణకలేదు. పెట్టెలోంచి ఒక్కో వస్తువు తీసి చూపుతూ పోయారు. సభ్యులే గడువును మళ్లీమళ్లీ పొడిగించారు. ముగింపులో చప్పట్లు మోగాయి. 1922లో వచ్చిన సుంకాల చట్టంలో వేరుశనగకు చోటు దక్కింది. నాటి నుంచి దేశమంతటా ఆయన పేరు మార్మోగింది.

కీర్తి ఎంత, నిజమెంత

పేరుతో పాటు కట్టుకథలూ పెరిగాయి. వేరుశనగ వెన్నను ఆయనే కనుగొన్నారని నేటికీ చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఆయన వేరుశనగపై పని మొదలుపెట్టకముందే, 1884లోనే కెనడా వాసి ఒకరు దానికి పేటెంట్ పొందారు. జాబితాలోని 300 వస్తువుల్లో కొన్ని పునరుక్తులు, కొన్ని అంతకుముందే వాడుకలో ఉన్నవి. చాలావాటికి తయారీ విధానాన్ని కార్వర్ కాగితంపై పెట్టలేదు. ఆయన పొందిన పేటెంట్లు మూడే. ఒకటి లేపనాలకు, రెండు రంగులకు. అవి 1925-27 మధ్య వచ్చాయి. శ్వాసకోశ వ్యాధులకని తయారుచేసిన పెనాల్ అనే మందు వ్యాపారంలో నిలవలేదు. పోలియో బాధితులకు వేరుశనగ నూనెతో మర్దన చేసి మేలు కలిగించారని 1930 దశకంలో జనం బారులు తీరినా, నూనెకు ఆ గుణముందని వైద్యశాస్త్రం నిర్ధారించలేదు.

తన పరిశోధనకు పుస్తకాల కన్నా దైవప్రేరణే ఆధారమని 1924లో న్యూయార్క్ సభలో చెప్పినందుకు అక్కడి పత్రిక ఒకటి ఆయనను తీవ్రంగా విమర్శించింది. పద్ధతులు రాసిపెట్టని పరిశోధనను మరొకరు కొనసాగించలేరన్నది శాస్త్రలోకం అభ్యంతరం. అందులో న్యాయముంది. పెద్ద పరిశ్రమ ఏదీ ఆయన జాబితా నుంచి పుట్టలేదు.

అయినా ఆయన పని విలువ తగ్గదు. ఆ జాబితా దుకాణాల కోసం తయారైంది కాదు. నల్ల రైతు ఇంట్లో ఉన్న సరుకుతోనే సబ్బు, రంగు, పాలు, పిండి చేసుకుంటే వ్యాపారి వద్ద అప్పు ఆ మేరకు తగ్గుతుందన్నది దాని వెనుకనున్న లెక్క. ఆయనను గొప్పవాడిని చేసింది 300 అంకె కాదు, ఈ లెక్క.

పొలం నుంచి కర్మాగారానికి

మొక్క నుంచి ఇంధనం తీయాలన్న ఆలోచన కార్వర్ కాలానికే ఉంది. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజను ఒకటి వేరుశనగ నూనెతోనే నడిచింది. 1930 దశకపు ఆర్థిక మాంద్యంలో పంటల ధరలు కుప్పకూలినప్పుడు, పొలంలో పండేదాన్ని కర్మాగారాలకు ముడిసరుకు చేయాలన్న ఉద్యమం అమెరికాలో లేచింది. పంటల నుంచి మద్యసారం తీసి పెట్రోలులో కలపడం దాని ప్రధాన కోర్కెల్లో ఒకటి. మోటారు కార్ల అధిపతి హెన్రీ ఫోర్డు దాని వెనుక నిలిచారు. 1937లో డియర్‌బోర్న్‌లో జరిగిన ఆ ఉద్యమ సదస్సులో కార్వర్ ప్రసంగించారు. నాటి నుంచి ఇద్దరికీ గాఢ స్నేహం కుదిరింది. 1941లో ఫోర్డు సంస్థ సోయా వంటి పంటల పీచుతో చేసిన ప్లాస్టిక్ రేకుల కారును ప్రదర్శించింది. 1942లో ఫోర్డు డియర్‌బోర్న్‌లో కార్వర్ పేరిట పోషకాహార ప్రయోగశాల తెరిచారు. యుద్ధకాలంలో రబ్బరు కొరత తీర్చేందుకు గోల్డెన్‌రాడ్ అనే పచ్చపూల అడవి మొక్క పాలపై ఇద్దరూ కలిసి పనిచేశారు.

యుద్ధం ముగిశాక చౌక పెట్రోలియం ముందు ఆ ఉద్యమం నిలవలేకపోయింది. 1970 దశకపు చమురు సంక్షోభాలతో మళ్లీ ప్రాణం పోసుకుంది. కార్వర్ చదివిన అయోవా నేడు అమెరికాలో అత్యధికంగా ఇథనాల్ తయారుచేసే రాష్ట్రం. ఆయన ఒకప్పుడు నేలమాళిగలో భోంచేసిన కళాశాల విశ్వవిద్యాలయమై మొక్కజొన్న కాండం, గడ్డి వంటి వాటి నుంచి ఇంధనాలు, రసాయనాలు తీసే పరిశోధనకు కేంద్రమైంది. అక్కడి ఒక భవనానికి ఆయన పేరు పెట్టారు. భారతదేశంలోనూ పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం 2025లో నెరవేరింది. ఈ మార్పుతో లాభం రైతు గుమ్మం దాకా వస్తుందా అన్నది కార్వర్ నాడు వేసుకున్న ప్రశ్నే.

గాంధీజీకి ఆహార సలహాలు

కార్వర్‌కు భారతదేశంతోనూ అనుబంధం ఉంది. గాంధీజీ ఆప్తమిత్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్ అమెరికా పర్యటనలో టస్కేగీని సందర్శించారు. ఆయన ద్వారా గాంధీజీ ఆహార నియమాల గురించి తెలుసుకున్న కార్వర్, శాకాహారంలో బలం చేకూర్చే పదార్థాలపై సలహాలు పంపారు. ఆయన వ్యవసాయ పుస్తకాలూ గాంధీజీకి చేరాయి. పల్లెలో దొరికే వస్తువుతోనే పల్లె బతకాలన్న భావన ఇద్దరినీ దగ్గర చేసింది.

పాత కోటు.. కోటుకు పువ్వు

దేశాధ్యక్షులు, మంత్రులు, పారిశ్రామికవేత్తలు వెతుక్కుంటూ వచ్చినా కార్వర్ జీవనం మారలేదు. కోటు పాతదే, ఆ కోటుకు గుచ్చిన పువ్వు మాత్రం ఏ రోజుకారోజు కొత్తది. తెల్లవారకముందే లేచి అడవిలో తిరిగి మొక్కలు ఏరుకొచ్చేవారు. పెళ్లి చేసుకోలేదు. జీతం పెంచమని అడగలేదు. ఉత్తరాలు రాసి సలహా అడిగిన రైతుల వద్ద రుసుము తీసుకోలేదు. 1923లో నల్లజాతి వారికిచ్చే అత్యున్నత పురస్కారమైన స్పింగార్న్ పతకం లభించింది. 1928లో సింప్సన్ కళాశాల గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఇంత పేరున్నా రైళ్లలో ఆయన నల్లవారి పెట్టెలోనే ప్రయాణించాలి. హోటళ్లలో వెనుక దారినే పోవాలి. ఆ వివక్షపై ఆయన వీధికెక్కి పోరాడలేదన్న విమర్శ నల్లజాతి నాయకుల్లో ఉంది. పొలంలోనూ ప్రయోగశాలలోనూ తాను చేసే పనే సమాధానమని ఆయన నమ్మారు.

వృద్ధాప్యంలో మెట్లు ఎక్కలేని స్థితి వచ్చినప్పుడు ఫోర్డు ఆయన నివాసంలో లిఫ్టు పెట్టించారు. కూడబెట్టిన జీవితకాలపు సొమ్ము సుమారు 60 వేల డాలర్లు తన పేరిట ఏర్పడిన పరిశోధన సంస్థకు, ప్రదర్శనశాలకు ఇచ్చేశారు. 1942 చివర్లో కిందపడి గాయపడ్డారు. మళ్లీ కోలుకోలేదు. 1943 జనవరి 5న తుదిశ్వాస విడిచారు. టస్కేగీ ప్రాంగణంలో బుకర్ వాషింగ్టన్ సమాధి పక్కనే ఆయనను ఖననం చేశారు. అదే ఏడాది జులైలో, ఆయన బానిసగా పుట్టిన పొలాన్ని అమెరికా ప్రభుత్వం జాతీయ స్మారకంగా ప్రకటించింది. నల్లజాతి వ్యక్తికి ఆ దేశంలో దక్కిన తొలి జాతీయ స్మారకం అదే.

అనంత నేలకు అన్వయం

అలబామాలో వేరుశనగ పరిష్కారమైంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో అదే సమస్య అయిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్లకు మించని వర్షపాతంలో దశాబ్దాల తరబడి లక్షల హెక్టార్లలో వేరుశనగ ఒక్కటే సాగైంది. అలబామా రైతుకు పత్తి ఎలాగో ఇక్కడి రైతుకు వేరుశనగ అలా మారింది. 2000 ఖరీఫ్‌లో విరుచుకుపడ్డ కాండం కుళ్లు వైరస్ తెగులు రెండు లక్షల హెక్టార్లకు పైగా పంటను దెబ్బతీసింది. వయ్యారిభామ కలుపు మొక్క, తామర పురుగులు దానికి వాహకాలని శాస్త్రవేత్తలు తేల్చారు. మైళ్ల తరబడి ఒకే పంట ఉన్నచోట తెగులుకు అడ్డేముంటుంది?

వేరుశనగ నేలకు నత్రజని ఇస్తుంది కదా, ఏటా వేస్తే తప్పేమిటని రైతులు అడగవచ్చు. మొక్కను వేళ్లతో సహా పీకి, కాయలు కోసి, కట్టె పశువులకు వేస్తారు. పశువుల ఎరువు తిరిగి చేనికి చేరితేనే నేల తీసుకున్నది తిరిగొస్తుంది. పశువులు తరిగి, ఎరువు చేరని చోట వేరుశనగా నేలను పీల్చేదే. కార్వర్ చెప్పింది వేరుశనగ వేయమని కాదు, ఒకే పంట వేయొద్దని.

కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం వెలువరించిన వేరుశనగ రకాలు రాష్ట్రం దాటి సాగవుతున్నాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్ బెట్టను తట్టుకునే రకాలపై పనిచేస్తోంది. వేరుశనగలో కంది సాళ్లు వేయాలని, కొర్ర, జొన్న వంటి చిరుధాన్యాలతో పంట మార్చాలని శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. గత కొన్నేళ్లలో జిల్లాలో వేరుశనగ విస్తీర్ణం తగ్గి కంది, ఆముదం, పండ్ల తోటలు పెరిగాయి. మార్పు మొదలైంది. కానీ కందికీ కొర్రకూ కొనేవాడు ఊరి దగ్గర లేకపోతే ఆ మార్పు నిలవదు. నూనె, చెక్క, పొట్టు, కట్టె.. గింజతో వచ్చే ప్రతిదానికీ స్థానికంగా విలువ దక్కితే రైతు చేతిలో నాలుగు రూపాయలు మిగులుతాయి. నేలను బాగుచేసే పంటకు ముందుగా గిరాకీ చూపాలన్నది టస్కేగీ చెత్తకుప్ప సీసాల మధ్య కార్వర్ నేర్చుకుని, నేర్పిన పాఠం. ఆయన పేరు మోస్తున్న వ్యవసాయ ప్రయోగ కేంద్రం టస్కేగీ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ చిన్న రైతుల కోసమే పనిచేస్తోంది.